పదిహేడు–పంతొమ్మిది పానా

2014 అక్టోబర్ 12, ఆదివారం మధ్యాహ్నం. విశాఖపట్నం, కంచరపాలెం. కొండవైపు ఎక్కే సందుల్లో ఒక సందు.

పొద్దున్నించీ ఊరిని ఊపేసిన గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆకు కదల్లేదు. కదలడానికి చెట్ల మీద ఆకులే మిగల్లేదు. "పోయిందిరా తుఫాను" అంటూ జనం తలుపులు తీశారు. ఎగిరిపోయిన రేకులు ఏరుకోడానికి కొందరు, మేడమీద నీళ్ల ట్యాంకు ఉందో లేదో చూసుకోడానికి కొందరు వీధిలోకి వచ్చేశారు. పిల్లలు రాలిన కొబ్బరికాయల కోసం పరుగెత్తారు.

అప్పుడు మా చిన్నమావయ్య లుంగీ ఎగ్గట్టి సందు ఈ చివర నుంచి ఆ చివరికి పరుగు పెట్టాడు. అరవై అయిదు దాటిన మనిషి. "లోపలికెల్లండి! అయిపోలేదు. ఇది తుఫాను కన్ను. ఇప్పుడు అటేపు నించి కొడతాది. పిల్లల్ని లాగండమ్మా, లోపలికి లాగండి!" అని ప్రతి గడప ముందూ అరిచాడు. ముందురోజు రాత్రంతా ట్రాన్సిస్టరు చెవికి ఆనించుకుని కూర్చున్నది ఆయనొక్కడే. ఆయన ఇంట్లోకి వచ్చి గడియ వేసిన కాసేపటికి గాలి తిరిగింది. పొద్దున ఏ గోడలు కాచాయో ఇప్పుడా గోడలకే దెబ్బ. మూలమీది ఇంటి పిట్టగోడ సరిగ్గా పిల్లలు కొబ్బరికాయలు ఏరుకున్న చోటే కూలింది.

హుద్‌హుద్ తుఫాను పూడిమడక దగ్గర తీరం దాటిందనీ, గాలి గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వీచిందనీ మాకు తర్వాత తెలిసింది. సోమవారం తెల్లవారేసరికి ఎదురుగా ఉన్న కొండ పచ్చగా లేదు, మట్టిరంగులో ఉంది. కరెంటు స్తంభాలు తీగలతో సహా పడి ఉన్నాయి. ఫోన్లు మోగలేదు. కరెంటు లేదు కాబట్టి మోటార్లు లేవు, మోటార్లు లేవు కాబట్టి నీళ్లు లేవు. మెయిన్‌రోడ్డు మీద నీళ్ల డబ్బా ఎంత చెబితే అంత. పాల ప్యాకెట్టుకి కొట్లాట. అట్లతద్ది తుఫానుకి కాస్త ముందే జరిగింది. ఉయ్యాల కట్టిన వేపచెట్టు వేళ్లతో పైకి లేచి సందుకి అడ్డంగా పడుకుంది.

ఆ చెట్టు పక్కనే బోరింగు ఉంది.

ఉందంటే ఉంది. ఇంటింటికీ కుళాయిలు, మేడ మేడకీ మోటారు బోర్లు వచ్చాక ఆ చేతిపంపుని ఎవరూ ముట్టుకోలేదు. గట్టు పగిలింది. హ్యాండిలుకి ఎవరో గేదెని కట్టేవారు. సోమవారం పొద్దున మావయ్య దాని దగ్గరికి వెళ్లి మెల్లగా నాలుగుసార్లు కొట్టాడు. తర్వాత వంగి, గొట్టానికి చెవి ఆనించి, ఇంకో రెండుసార్లు కొట్టాడు.

"అల్లుడూ," అన్నాడు నాతో, "రాడ్డు తెగలేదు. తెగితే హ్యాండిలు ఇంకా తేలిగ్గా ఆడును. కింద వాషర్లు పోయినాయి. పదిహేడు–పంతొమ్మిది పానా పట్రా."

ఆయన చెవి గురించి చెప్పాలి. మావయ్య కంచరపాలెం ఐటీఐలో ఫిట్టరు ట్రేడు చదివాడు. ఆకురాయి పట్టి ఇనపముక్కని నాలుగువైపులా సమంగా అరగదీయడం అక్కడ మొదటి పాఠం. నెలల తరబడి అదే పని. అరచేతులు బొబ్బలెక్కి కాయలు కట్టాక గానీ రెండో పాఠానికి పోనిచ్చేవారు కాదట. తర్వాత వాల్తేరు డీజిల్ లోకోషెడ్డులో చేరాడు. బైలదిల్లా ఇనప ఖనిజాన్ని కొత్తవలస–కిరండూల్ లైను మీదుగా రేవుకి దింపే ఇంజిన్లు అక్కడికే మరమ్మతుకి వచ్చేవి. ఒక్కో ఇంజినుకి 16 సిలిండర్లు, 2,600 హార్సుపవరు. నడుస్తున్న ఇంజిను పక్కన నిలబడి ఏ సిలిండరు తేడాగా కొడుతోందో విని చెప్పేవాడని ఆయనతో పనిచేసినవాళ్లు ఇప్పటికీ అంటారు.

రిటైరయ్యాక ఆ చెవి వీధికి దక్కింది. ఎవరింటి ముందునుంచి నడిచినా ఆగిపోయేవాడు. "అమ్మా, మీ ఫేను కొట్టుకుంటంది. బేరింగు ఎండిపోనాది. ఆపెయ్యండి, సాయంత్రం వొస్తాను." "బాబూ, నీ సైకిలు చైను లూజుగుంది, పెద్దరోడ్డెక్కకు, ఒక్క నిమిషం ఆగు." అడిగేదాకా ఆగడం ఆయనకి చేతకాదు. చాలామంది అడగరు. ఇస్త్రీపెట్టె షాకు కొడుతున్నా గుడ్డ చుట్టుకుని పనిచేసుకుంటారు గానీ నోరు తెరిచి ఒకరిని పిలవరు. అందుకని ఆయనే వెళ్లేవాడు. భర్త పోయి కుట్టుమిషను మీద బతుకుతున్న ఒకావిడ ఇంటి ముందు మిషను చప్పుడు మారిందని విని, ఆవిడ పిలవకుండానే నూనెడబ్బాతో గుమ్మంలో నిలబడ్డాడు. రాత్రి పదింటికి తోపుడుబండి చక్రం ఊడి రోడ్డు మధ్యలో నిలబడ్డ అరటిపళ్లవాడు ఆయనకి ఎవరో తెలీదు. టార్చి నోట కరుచుకుని ఆ చక్రం ఎక్కించి, మరునాడు బేరింగు మార్పించుకోమని కొట్టు గుర్తులు చెప్పి పంపాడు.

ఒక సంగతి నాకు చిన్నప్పుడు అర్థం కాలేదు. చేతికష్టానికి పైసా తీసుకోడు గానీ సామాను ఖరీదు మాత్రం తీసుకునేవాడు. కుక్కరు గాస్కెట్టు ఎంతకి కొన్నాడో అంత. వాషరు రెండు రూపాయలైతే రెండు రూపాయలే. అవతలివాళ్లు చిల్లర లేదంటే రేపివ్వమనేవాడు, మర్చిపోతే గుర్తుచేసేవాడు కూడా. ఇంత చేసేవాడికి ఆ రెండు రూపాయల దగ్గర పట్టింపేమిటని మా అమ్మ విసుక్కునేది. అత్తయ్య ఒకసారి చెప్పింది: "అదీ తీసుకోకపోతే రెండోసారి రారే వదినా. మొహమాటపడి చెడిపోయినదాన్ని అలాగే వాడతారు. లెక్క తీరిపోతే మళ్లీ దర్జాగా వచ్చి పిలుస్తారు." సాయం చేసేవాళ్లని చాలామందిని చూశాను. సాయం పుచ్చుకున్నవాడు తలెత్తుకుని తిరిగేలా చూసిన మనిషి నాకు తెలిసి మావయ్యే.

సోమవారం పొద్దున బోరింగు చుట్టూ జనం మూగారు.

"ఏటి బాబూ, ఇది ఇంక పని సేత్తాదా?" అడిగింది చివరింటి ముసలమ్మ.

"సేత్తాదమ్మా. ఎందుకు సెయ్యదు? మనం సేయించుకోలేదు గానీ."

ఆ మాట ఆయన ధైర్యం చెప్పడానికి అన్నది కాదు. ఇండియా మార్క్–2 పంపు అది. 1970ల్లో యూనిసెఫ్, కేంద్రప్రభుత్వం, మద్రాసు రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ కంపెనీ కలిసి తయారుచేసి కోయంబత్తూరు ప్రాంతంలో పరీక్షించిన రకం. ఊరందరూ పొద్దస్తమానం కొట్టినా తట్టుకోవాలనే దాన్ని చేశారు. పైన తలకాయలో గొలుసు, దానికి వేలాడుతూ పాతాళందాకా ఇనప రాడ్లు, రాడ్ల చివర ఇత్తడి తొడుగున్న రెండున్నర అంగుళాల సిలిండరులో ముషలకం. దాని చుట్టూ ఉండే వాషర్లే నీటిని పైకి లాగేది. అవి పోతే పంపు పోయినట్టే, మార్చితే పంపు వచ్చినట్టే. చిక్కల్లా ఒకటే. ఈ రకానికి వాషరు మార్చాలంటే గొట్టాలన్నీ పైకి లాగాలి. ఒక్కో గొట్టం పది అడుగులు, లోపలి రాడ్డుతో కలిపి పన్నెండు కిలోలకు పైనే. మా బోరుకి పన్నెండు గొట్టాలు. మొదటి గొట్టం ఎత్తేటప్పుడు మొత్తం బరువూ చేతుల మీదే ఉంటుంది. మధ్యలో పట్టు జారితే అంతా బోరులో పడిపోతుంది, మళ్లీ తీయడం ఎవరివల్లా కాదు.

మూడు కాళ్ల ఎత్తుదూలం కావాలన్నాడు. పక్కవీధిలో కడుతున్న ఇంటి సెంట్రింగు కర్రలు, మూడు సరుగుడు బాదులు, కుర్రాళ్లు మోసుకొచ్చారు. తాడు కావాలి. బట్టలారేసే తాళ్లు పనికిరావు.

సరిగ్గా అప్పుడు సందులోకి ఇద్దరు కొత్తవాళ్లు ఖాళీ సీసాలు పట్టుకుని వచ్చారు. బరంపురం లారీ డ్రైవరు, క్లీనరు. తాటిచెట్లపాలెం దగ్గర హైవే మీద చెట్లు అడ్డంపడి ముందురోజు నుంచి అక్కడే ఉండిపోయారు. డ్రైవరు తెలుగు మాట్లాడాడు. "అన్నా, తాగడానికి కొంచెం నీళ్లు?" మా వీధిలో ఎవరూ నోరు విప్పలేదు. ఇళ్లలో ఉన్నది ఒక బిందె, అరబిందె. మావయ్య లోపలికి వెళ్లి మా బిందెలోంచి రెండు సీసాలూ నింపి తెచ్చి ఇచ్చాడు. డ్రైవరు తాగి, బోరింగువైపు చూసి, విషయం తెలుసుకుని, ఒక్క మాట అన్నాడు: "లోడు కట్టే తాడుంది. తెమ్మంటారా?"

తాడు వచ్చింది. దాంతోపాటు లారీ జాకీ రాడ్డు, పాత ట్యూబు ముక్క కూడా తెచ్చాడు.

మధ్యాహ్నానికి తలకాయ విప్పారు. తుప్పుపట్టిన బోల్టుల మీద కిరసనాయిలు పోసి, సుత్తితో చుట్టూ మెల్లగా తట్టి, కాసేపు వదిలేసి, అప్పుడు పానా వేశాడు. బలం పెట్టబోయిన కుర్రాణ్ణి ఆపాడు. "బోల్టు తెగితే మనకి వేరే బోల్టు లేదు. దానికి టైమియ్యి." రెండు ఇనప పట్టీలని బోల్టులతో బిగించి గొట్టానికి క్లాంపు చేశాడు. ఆరుగురు తాడు పట్టారు. పిల్లలు గొట్టాలు లెక్కపెట్టారు. ఒకటి, రెండు, మూడు.

ఏడో గొట్టం సగం పైకి వచ్చాక సన్నగా జల్లు మొదలైంది. తాడు పట్టినవాళ్లలో ఒకడికి చెయ్యి జారింది. ఆ కుదుపుకి క్లాంపు కిర్రుమని గొట్టం మీద జారింది, జానెడు, మూరెడు. మావయ్య పైపురెంచితో గొట్టాన్ని కరిచి పట్టి దాని మీద తన ఒళ్లంతా వేశాడు. రెంచి పిడి గట్టుకి తగిలి ఆగింది. డ్రైవరు తాడుని సరుగుడు బాదుకి రెండు చుట్లు వేసి వెనక్కి వాలిపోయాడు. ఎవరూ ఊపిరి తీసుకోలేదు. మావయ్య మోచెయ్యి చీరుకుపోయి నెత్తురు కారుతోంది. పడుకున్నచోటి నుంచే, "ఎవులికీ ఏటీ కాలేదు గదా? అయితే బోల్టు బిగించండి. అల్లుడూ, పానా" అన్నాడు.

చెయ్యి జారిన కుర్రాడు ఏడుపుమొహం పెట్టాడు. మావయ్య వాణ్ణి తాడు దగ్గర నుంచి తప్పించలేదు. అదే చోట నిలబెట్టి, గోనెగుడ్డ చేతికి చుట్టుకోమన్నాడు. మిగతా అయిదు గొట్టాలూ వాడు లాగాడు. ఈ ముక్క రాయడానికే ఈ కథంతా మొదలుపెట్టానని ఇప్పుడు అనిపిస్తోంది.

చీకటిపడేవేళకి సిలిండరు బయటికొచ్చింది. మావయ్య ఊహించినట్టే వాషర్లు పిప్పి అయిపోయాయి. కొట్లన్నీ మూసి ఉన్నాయి, కొత్తవి దొరికే దారి లేదు. మూల మీద చెప్పులు కుట్టే ఆయన్ని పిలిచి పాత వాషరు చేతిలో పెట్టాడు. ఆయన తిప్పి చూసి, ఇంటికెళ్లి బూట్ల అట్టకి దాచుకున్న మందపాటి తోలు తెచ్చి, పాత వాషరుని కొలతగా పెట్టి రెండు గుండ్రాలు కోశాడు. వాటిని నీళ్లలో నానబెట్టారు. మెత్తబడ్డాక మావయ్య గొట్టం సాకెట్టులో పెట్టి, బెంచివైసులో బిగించి, గిన్నె ఆకారం వచ్చేలా నొక్కాడు. రాత్రంతా అలాగే ఉంచాడు. పొద్దున తీసి ఆముదంలో ముంచాడు. ఆముదం అత్తయ్యది, ఇంట్లో ఉన్న సీసా మొత్తం. అడుగు వాల్వుకి కావలసిన రబ్బరు బిళ్ల లారీ ట్యూబులోంచి కోశాడు. కొవ్వొత్తి వెలుగులో ఆ బిళ్ల అంచుని ఎన్నిసార్లు గీకి సరిచేశాడో! ఎవరికీ కనబడని చోట, భూమిలో అన్ని అడుగుల లోతున ఉండబోయే బిళ్ల అది.

"ఎంతయ్యా తోలు?" అని పొద్దున్నే అడిగాడు.

"నీ కాడ డబ్బులేటి బాబూ," అన్నాడాయన.

"అలాక్కాదు. నువ్వు ఊరికే ఇచ్చినావంటే రేపు ప్రతోడూ నీ కాడికొచ్చి ఊరికే కుట్టమంటాడు. సెప్పు."

ఆయన చెప్పిన డబ్బు మావయ్య అక్కడికక్కడే ఇచ్చేశాడు.

మంగళవారం గొట్టాలు మళ్లీ దించారు. మరలకి జనపనార, సఫేదా పట్టించి ఒక్కొక్కటే బిగించారు. తలకాయ ఎక్కించి, గొలుసుకి గ్రీజు రాసి, పైనుంచి నీళ్లు పోసి, మావయ్య హ్యాండిలు పట్టుకున్నాడు. కొట్టగా కొట్టగా హ్యాండిలుకి బరువు తగిలింది. ఆ బరువు ఆయన చేతికి తెలిసింది, మాకు ఆయన మొహంలో తెలిసింది. ముందు గాలి, తర్వాత తుప్పురంగు బురద, తర్వాత నీళ్లు.

ఆడవాళ్లు బిందెలతో ముందుకొచ్చేశారు. మావయ్య చెయ్యి అడ్డంపెట్టాడు. ఆ నీళ్లు తేటపడేదాకా పారబోయించాడు. బ్లీచింగు కలిపి బోరులో పోసి, కొంతసేపు ఆగి, ఆ వాసన తగ్గేదాకా మళ్లీ కొట్టించాడు. నీటికి మొహం వాచినవాళ్ల కళ్లముందు నీళ్లు పారబోయించడానికి గట్టి గుండె కావాలి. "తాగేవి మాత్రం మరగబెట్టుకోండి. పిల్లలకి మరీను" అని వచ్చిన ప్రతి బిందెకీ చెప్పాడు.

వరస దగ్గర పేచీ వచ్చింది. బరంపురం డ్రైవరు తన సీసాలతోపాటు రోడ్డు మీద ఆగిపోయిన మిగతా లారీలవాళ్లని కూడా తీసుకొచ్చాడు. "మన బోరింగు, ముందు మనం పట్టుకోవాల" అంది ఒకావిడ. గొంతులు లేచాయి.

"తాడెవలిదమ్మా?" అన్నాడు మావయ్య. అంతే అన్నాడు. ఆవిడే బిందె పక్కకి జరిపింది.

నిమిషానికి నలభైసార్లు కొడితే పన్నెండు లీటర్ల దాకా ఇచ్చే పంపు అది. ఒకటిన్నర నిమిషంలో బిందె నిండేది. పగలల్లా వరస నిలబడింది. కొట్టలేని ముసలివాళ్లకి కుర్రాళ్లు కొట్టిపెట్టారు. నడవలేనివాళ్ల ఇళ్లకి బిందెలు మోశారు. చెయ్యి జారినవాడే ఎక్కువ మోశాడు. ఆరోజే ప్రధానమంత్రి విశాఖపట్నం వచ్చి వెయ్యికోట్ల రూపాయల తక్షణసాయం ప్రకటించారని సాయంత్రం మావయ్య ట్రాన్సిస్టరులో విన్నాం. ఇతర జిల్లాల నుంచి వచ్చిన విద్యుత్ సిబ్బంది రాత్రీ పగలూ స్తంభాలు ఎత్తారు. మా సందుకి కరెంటు వచ్చేదాకా ఆ బోరింగే నీళ్లిచ్చింది. పక్కసందులు కూడా దాని మీదే గడిచాయి.

డ్రైవరు రోడ్డు తెరిచారని తెలియగానే వెళ్లిపోయాడు. తాడు చుట్టుకుంటుంటే మావయ్య ఆయన లారీ దగ్గరికి వెళ్లి ఇంజిను స్టార్టు చేయించి విన్నాడు. ఏదో తేడా వినిపించింది. ఫ్యాను బెల్టు బిగించి, "ఇచ్ఛాపురం దాకా ఫరవాలేదు, తర్వాత ఓసారి చూపించు" అన్నాడు. ఆ డ్రైవరు పేరు మాలో ఎవరం అడగలేదు.

నాలుగేళ్ల తర్వాత, 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు నేలమట్టమయ్యాయి, ఊళ్లకి ఊళ్లు చీకట్లో పడ్డాయి. అత్తయ్య పుట్టిల్లు అటువైపే. మావయ్యకి అప్పటికి డెబ్బై. సంచిలో వాషర్లు, రబ్బరు బిళ్లలు, రెండు రెంచీలు, ఆ పదిహేడు–పంతొమ్మిది పానా వేసుకుని బస్సెక్కాడు. బంధువుల ఊరుతో ఆగలేదు, ఆ చుట్టుపక్కల ఏ పంపు పలకడంలేదంటే అక్కడికల్లా పోయాడని అత్తయ్య తమ్ముడు చెప్పాడు. మావయ్య మాత్రం తిరిగొచ్చి ఒక్కటే చెప్పాడు: "అక్కడోళ్లకి పని నేర్పొచ్చినాను. వాషర్లు వాళ్ల కాడే ఉంచేసినాను."

ఆయన ఇప్పుడు లేడు. సామాన్లపెట్టె మా దగ్గరుంది. పదిహేడు–పంతొమ్మిది పానా మాత్రం సందు మొదట్లోని కిరాణాకొట్టులో ఉంది. ఎవరికి అవసరమైతే వాళ్లు తీసుకెళ్లి మళ్లీ తెచ్చిపెడతారు. బోరింగు పని చేస్తోంది. ఏటా వానలు తగ్గుతుండగా దాని వాషర్లు మార్చే బాధ్యత, ఏడో గొట్టం దగ్గర చెయ్యి జారిన ఆ కుర్రాడిది. ఇప్పుడతను పెళ్లయి, ఇద్దరు పిల్లల తండ్రి.

కోస్తాలో ఉన్నవాళ్లందరికీ ఒక మనవి. తుఫాన్లు ఎక్కువగా వచ్చేది అక్టోబర్, నవంబర్లలోనే. మీ వీధిలో వాడకుండా వదిలేసిన బోరింగు ఒకటి ఉండే ఉంటుంది. ఈ ఆదివారం వెళ్లి నాలుగుసార్లు కొట్టి చూడండి. నీళ్లు రాకపోతే ఇప్పుడే, కొట్లు తెరిచి ఉండగానే, మనుషులు ఊళ్లో ఉండగానే వాషర్లు మార్పించండి. ఆ పని చేస్తున్నప్పుడు మీ పిల్లల్లో ఒకణ్ణి తీసుకెళ్లి తాడు దగ్గర నిలబెట్టండి.